పాలమూరు గుట్టలు బోడివి కావు, అవి గడ్డి గుట్టలు

నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క మాట చెబుతాను, వీడియో ముగిసేదాకా దాని మీదే నిలబడతాను. మక్తల్ మొదలుకొని దేవరకొండ దాకా మన కంటికి కనిపించే గుట్టలు, కంచలు, గైరాన్ భూములు, అంటే ఊరందరి ఉమ్మడి మేత భూములు, అడవి నరికితే మిగిలిన బీళ్లు కావు. అవి చాలామటుకు తమ సహజ రూపంలోనే ఉన్న గడ్డి నేలలు. వాటి మీద గుంతలు తవ్వి చెట్లు నాటడం పచ్చదనం పెంచడం కాదు, ఉన్న పచ్చదనాన్ని చంపడం.

గొడవ ఏమిటో మీకు తెలిసిందే. ఒక వైపు రాష్ట్ర ప్రభుత్వం మొక్కలు నాటే పథకం హరితహారం నాటి నుంచి ఊళ్లలోని మేత భూముల మీద మొక్కలు నాటుతున్నారు, మరో వైపు మాగనూరు, కృష్ణ, మక్తల్ మండలాల్లో కృష్ణజింకల మందలు పంటల మీద పడుతున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. ఈ రెండూ వేర్వేరు సమస్యలని అందరూ అనుకుంటున్నారు. నేను మాత్రం రెండింటికీ వేరు ఒకటేనని అంటున్నాను.

నా మాటకు సాక్ష్యం ఎక్కడో లేదు, మన రాష్ట్ర చిహ్నాల్లోనే ఉంది. 2014లో తెలంగాణ తన చెట్టుగా జమ్మిని, పువ్వుగా తంగేడును, పక్షిగా పాలపిట్టను, జంతువుగా జింకను ప్రకటించుకుంది. జమ్మి ఎండిన మైదానాల్లో ఎడమెడంగా నిలబడి, తన కింద గడ్డిని కూడా బతకనిచ్చే చెట్టు. తంగేడు నడినెత్తిన ఎండ కోరుకునే పొద. పాలపిట్ట ఏ మోడు కొమ్మ మీదనో, కరెంటు తీగ మీదనో కూర్చొని, నేల మీద కదిలే మిడతను దూరం నుంచే గుర్తుపట్టి వాలుతుంది కాబట్టి దానికి ఎదురుగా ఖాళీ నేల కావాలి. చుక్కల జింక సైతం అడవి అంచున ఉన్న గడ్డి కోసమే బయటికి వస్తుంది. దసరా నాడు మనం జమ్మికి మొక్కి పాలపిట్టను చూస్తాం, బతుకమ్మను గునుగుతో, తంగేడుతో పేరుస్తాం. గునుగు కూడా చెలకల్లో, పడావు భూముల్లో పూసేదే. మన పండుగలు ఏ నేలలో పుట్టాయో ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

మరి ఈ నేలకు బంజరు అన్న పేరు ఎలా వచ్చింది? శిస్తు రాని భూమి అంతా పనికిరానిదే అన్న లెక్క ఆంగ్లేయుల రెవెన్యూ పద్ధతి నాటిది. ఆ లెక్క ఇంకా పోలేదు. కేంద్ర భూవనరుల శాఖ, మన హైదరాబాద్‌లోనే ఉన్న జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి తెచ్చే బంజరు భూముల అట్లాసులో పొదలు, గడ్డి ఉన్న నేలలను ఇప్పటికీ బంజరు కిందే చూపిస్తున్నారు. దీనికి తోడు 1988 నాటి జాతీయ అటవీ విధానం దేశ భూభాగంలో మూడో వంతు అడవి, చెట్లు ఉండాలని చెప్పింది. ఆ 33 శాతాన్ని లక్ష్యంగా పెట్టుకొని 2015లో హరితహారం మొదలైంది, 230 కోట్ల మొక్కలు అన్నారు. అన్ని మొక్కలకు చోటు కావాలి. రైతు పొలాల్లో, ఇళ్ల మధ్య నాటినా అన్నింటికీ చోటు చాలదు. ఎవరి పేరునా పట్టా లేని గైరాన్ దొరికింది, గుంతలు పడ్డాయి.

ఒక గడ్డి పోచను దగ్గరి నుంచి చూపిస్తాను. కార్తీకం దాటాక మన గుట్టల మీద నడిస్తే పంచెకు, ప్యాంటుకు గుచ్చుకునే ముల్లుగడ్డి గింజను ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకొని చూశారా? కింద సూది మొన ఉంటుంది, దాని చుట్టూ వెనక్కి వంగిన సన్నటి నూగు ఉంటుంది, పైన గోధుమ రంగు మీసం తాడులా పురి తిరిగి ఉంటుంది. దాని మీద ఒక్క నీటి చుక్క వేయండి. మీసం పురి విప్పుకుంటూ గిర్రున తిరుగుతుంది. ఆరిపోగానే మళ్లీ పురి పెట్టుకుంటుంది. అలా తడిసినప్పుడల్లా, ఎండినప్పుడల్లా తిరుగుతూ ఆ గింజ తనంతట తానే నేలలోకి దిగిపోతుంది, వెనక్కి వంగిన నూగు దాన్ని పైకి రానివ్వదు. విత్తేవాడు లేకుండా, దున్నేవాడు లేకుండా తనను తాను నాటుకునే మొక్క ఇది! ఇలాంటి మొక్క ఉన్న నేలను పట్టుకొని ఇక్కడ ఏమీ మొలవదని కాగితం మీద రాయడానికి చేతులెలా వచ్చాయో నాకు అర్థం కాదు.

గడ్డి ఎదిగే మొగ్గ మొదట్లో ఉంటుంది, చివర్లో కాదు. అందుకే గొర్రె కొరికినా, వేసవి మంట పైపైన కాల్చినా మొదటి వానకే మళ్లీ లేస్తుంది. దాని బలమంతా వేళ్లలో ఉంటుంది, అది గాలిలోంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువులో ఎక్కువ భాగం మట్టిలోనే దాగుతుంది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా సగటు వర్షపాతం 600 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది, అంత వానకు తట్టుకొని నిలిచే పంట ప్రకృతి ముందే వేసి పెట్టింది. ఎండను నమ్ముకున్న ఈ గడ్డి తట్టుకోలేనిది నీడ ఒక్కటే. సర్కారు తుమ్మ కమ్ముకున్న చెరువు శిఖాన్ని చూడండి, కింద గరిక పోచ కూడా కనిపించదు.

ఇక కృష్ణజింక సంగతి. అది ప్రధానంగా గడ్డి మేసే జంతువు, గంటకు 80 కిలోమీటర్ల దాకా పరుగెత్తగలది. దానికి ఆ పరుగే ప్రాణం. తోడేలును దూరం నుంచే చూసి పరుగెత్తాలంటే కనుచూపు మేర ఖాళీ ఉండాలి, దట్టంగా నాటిన మొక్కల మధ్య దానికి చూపూ లేదు, దారీ లేదు. ఎత్తిపోతల నీళ్లు వచ్చి చెలకలు వరి మడులయ్యాయి. ఆ నీళ్లు పాలమూరుకు తరతరాల కల, వాటిని నేను తప్పుపట్టను. కానీ పొలం కాని నేల కాస్తయినా గడ్డిగా మిగలాలి కదా? అదీ తీసేసుకుంటే ఆ మంద రైతు చేలోకి కాక ఎక్కడికి పోతుంది? రైతుకు నష్టపరిహారం ఇవ్వాల్సిందే. అయితే ఆ రైతు నష్టానికి బాధ్యత జింకది కాదని, గడ్డిని లెక్కలోంచి తుడిచేసిన కాగితానిదని నేను గట్టిగా చెబుతున్నాను.

ఇది మనకు ముందే ఒకసారి జరిగింది. అలంపురం దాటితే కర్నూలు, ఆ పక్కనే రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మగ పక్షి 15 కిలోల దాకా తూగుతుంది, ఆడ పక్షి సాధారణంగా ఒకే ఒక్క గుడ్డును నేల మీదే పెడుతుంది. చుట్టూ గడ్డి పోయి కాలువలు, కొత్త పంటలు వచ్చాక ఆ పక్షి అక్కడ కనుమరుగైంది. ఇప్పుడు దేశం మొత్తంలో స్వేచ్ఛగా బయట బతికున్నవి 150కి లోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. మన కృష్ణజింకకు కూడా ఇదే గతి పట్టాలా?

ఇంకో విచిత్రం వినండి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో జింకల కోసం, వాటిని తినే పులి కోసం కలుపు తీయించి గడ్డి మైదానాలు పెంచుతున్నారు. మంచి పని, మెచ్చుకుంటాను. అదే ఉమ్మడి జిల్లాలో, అడవి హద్దు దాటగానే, ఎవరూ పెంచకుండా పెరిగిన గడ్డిని మాత్రం తవ్వి పోస్తున్నారు.

గొల్ల కురుమల మాట ఎత్తకుండా ఈ విషయం పూర్తి కాదు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది, దాదాపు 1 కోటి 90 లక్షలు. గొర్రెలను పంచిన రాష్ట్రం వాటికి మేత ఎక్కడిదని అడగలేదు. మా ఊరి గైరాన్‌లో గుంతలు తవ్విన ఏడాది ఒక కురుమ పెద్దమనిషి భుజాన గొంగడి వేసుకొని కట్ట మీద నిలబడి, "బిడ్డా, చెట్లు పెద్దగైనంక నీడకు కూసుంటం సరే, అప్పటిదాంక జీవాలు ఏం తినాలె?" అని నన్నే అడిగాడు. ఆయన భుజం మీది గొంగడి నల్ల దక్కనీ గొర్రె ఉన్ని, ఆ ఉన్ని ఈ గుట్ట గడ్డి. నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ మొక్కల్లో చాలామటుకు రెండో ఎండాకాలానికే ఎండిపోయాయి, గుంతలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

చెరువు కట్టల మీద, రోడ్ల పక్కన, నిజంగా నరికేసిన అడవుల్లో ఎన్ని చెట్లయినా నాటండి, నేనూ వచ్చి నాటుతాను. గడ్డి జోలికి మాత్రం రావద్దు. 2026ను మేత భూముల, పశుపాలకుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. ఆ పేరుతోనైనా రెవెన్యూ రికార్డుల్లో బంజరు అన్న మాట కొట్టేసి గడ్డి మైదానం అని రాయాలని నేను అడుగుతున్నాను.

మీ ఊళ్లో గైరాన్ ఎక్కడ ఉందో, ఎన్ని ఎకరాలు మిగిలిందో పహాణీలో చూసి కింద రాయండి. అక్కడ తీతువు పిట్ట గుడ్లు కనిపిస్తే దూరం నుంచే ఫొటో తీయండి, దగ్గరికి పోవద్దు. వచ్చే వీడియో ఆ భూముల్లో ఒకదాని మీద నిలబడే చేస్తాను.