కృష్ణా బ్రిడ్జి దాటితే పెట్రోలు చవకెందుకు?

(మహబూబ్‌నగర్ స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: పాలమూరు జిల్లా బంకు డీలర్, మిర్యాలగూడ లారీ యజమాని, ఎకనామిక్స్ లెక్చరర్.)

యాంకర్: నమస్తే. మక్తల్ నుంచి కృష్ణా బ్రిడ్జి దాటి కర్ణాటకలోని రాయచూరు జిల్లా శక్తినగర్‌లో పెట్రోలు పోయించుకుంటే లీటరుకు సుమారు నాలుగు రూపాయలు మిగులుతాయి. అదే అలంపూర్ చౌరస్తా నుంచి తుంగభద్ర దాటి కర్నూలు వైపు పోతే ఒకటి రెండు రూపాయలు ఎక్కువ పడుతుంది. ఎందుకిలా? అన్నా, మీరు లారీలు తిప్పుతారు కాబట్టి మీతోనే మొదలుపెడదాం.

లారీ యజమాని: ఏముంది సార్, దూరం. రిఫైనరీకి దగ్గరున్నోళ్లకు చవక, దూరమున్నోళ్లకు పిరం. మేం చిన్నప్పటి నుంచి వింటున్నదే.

డీలర్: అట్లయితే కర్నూలుకు, గద్వాలకు అంత తేడా ఎందుకుండాలి? మధ్యలో ఉన్నది ఒక నది. విశాఖ రిఫైనరీ ఉన్నది ఆంధ్రాలో. నీ లెక్కన వాళ్లకే చవక కావాలి కదన్నా!

లారీ యజమాని: అది నిజమే. కానీ దూరానికి అసలు లెక్కే లేదంటారా?

డీలర్: ఉంది, రాష్ట్రం లోపల ఉంది. విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ వైపు హిందుస్థాన్ పెట్రోలియం పైప్‌లైన్ వస్తుంది. మధ్యలో సూర్యాపేటలో ఒక టెర్మినల్ ఉంది, చివరన ఘట్‌కేసర్. నల్లగొండ, సూర్యాపేట బంకులకు సరుకు పక్కనే దిగుతుంది. మాకు హైదరాబాద్ శివార్ల నుంచి ట్యాంకర్ రావాలి. ఆ కిరాయి రేటులో కలుస్తుంది. అందుకే హైదరాబాద్‌కూ మాకూ రూపాయి అటూఇటూ తేడా. దాని మీద కూడా వ్యాట్, అంటే రాష్ట్రం వేసే అమ్మకం పన్ను పడుతుంది, అది ఎవరూ చూడరు. కిరాయి రూపాయి పెరిగితే కస్టమర్ కట్టేది రూపాయి ముప్పై ఐదు పైసలు.

యాంకర్: అంటే దూరం వల్ల వచ్చేది రూపాయి తేడా. మరి మిగతా మూడు నాలుగు రూపాయలు? మేడమ్, మీరు బోర్డు దగ్గరికి వస్తారా?

లెక్చరర్: వస్తాను. ఈ లెక్కంతా 2025 నాటి ధరల మీద చెబుతున్నాను. హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయల 50 పైసలు, ఢిల్లీలో 94 రూపాయల 77 పైసలు. పన్నెండు రూపాయల పైనే తేడా. ఇప్పుడు రెండిట్లోంచీ రాష్ట్రం వ్యాట్ తీసేయండి. హైదరాబాద్‌లో మిగిలేది 79న్నర, ఢిల్లీలో 79 పైచిలుకు. కంపెనీ ధర, కేంద్రం వేసే ఎక్సైజ్ పన్ను, డీలర్ కమీషన్ అన్నీ అందులోనే ఉన్నాయి. అంటే వ్యాట్ పడకముందు సరుకు ధర రెండు చోట్లా దాదాపు ఒకటే.

లారీ యజమాని: (నవ్వుతూ) అయితే నేనింతకాలం దూరాన్ని ఊరికే తిట్టుకున్నానన్నమాట.

లెక్చరర్: ఇదే 80 రూపాయలనుకుందాం, లెక్క తేలికవుతుంది. తెలంగాణ వ్యాట్ 35.20 శాతం, అంటే 28 రూపాయల 16 పైసలు. కర్ణాటక 2024 జూన్‌లో పెంచాక కూడా 29.84 శాతమే, 23 రూపాయల 87 పైసలు. రాయచూరు తేడా వచ్చేసింది కదా! ఇక ఆంధ్రా. అక్కడ 31 శాతం, 24 రూపాయల 80 పైసలు.

యాంకర్: ఆగండి మేడమ్. 31 అంటే మనకన్నా తక్కువ. మరి కర్నూల్లో ఎక్కువెందుకు?

లెక్చరర్: శాతం మీద వాళ్లు లీటరుకు ఇంకో 4 రూపాయలు వేస్తారు. రోడ్ల సెస్సు 1 రూపాయి. మొత్తం 29 రూపాయల 80 పైసలు. ఉమ్మడి రాష్ట్రంలో అందరికీ 31 శాతమే ఉండేది. విడిపోయాక 2015లో తెలంగాణ శాతాన్నే 35.20కి పెంచింది. ఆంధ్రా శాతాన్ని ముట్టుకోకుండా లీటరుకు ఇన్ని రూపాయలని కలపడం మొదలుపెట్టింది. ముడి చమురు ధర పడిపోయినా ఆ రూపాయలు తగ్గవు. మన పద్ధతిలో ధర తగ్గితే పన్ను తగ్గుతుంది, పెరిగితే ప్రభుత్వానికి అడక్కుండానే ఎక్కువ వస్తుంది.

డీలర్: 2022 మేలో అదే చూశాం. కేంద్రం ఎక్సైజ్ 8 రూపాయలు తగ్గించింది. హైదరాబాద్‌లో 119.49 ఉన్న పెట్రోలు 109.66కి దిగింది, అంటే దాదాపు పది రూపాయలు. కానీ ముందురోజు పాత రేటుకు లోడ్ దింపుకున్న డీలర్ల సంగతి ఎవరూ అడగలేదు. 12 వేల లీటర్ల ట్యాంకర్ మీద ఎంత నష్టమో మీరే లెక్కేయండి.

యాంకర్: అది ఇంకో చర్చ పెట్టాల్సిన సంగతి. అన్నా, డీజిల్ ఎట్లా?

లారీ యజమాని: డీజిల్‌కే మాకు టెన్షన్. మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం ఎక్కించుకొని కర్ణాటక పోయే డ్రైవర్‌కి ముందే చెబుతాం, బార్డర్ దాకా సరిపోయేంతే పోయించు, అక్కడ ఫుల్ చేయించు అని. మనకు 27 శాతం, వాళ్లు 2025 ఏప్రిల్‌లో పెంచాక కూడా 21.17. లీటరుకు నాలుగు రూపాయలు దాటి మిగులుతుంది. 300 లీటర్లు పట్టే ట్యాంకుకు 1,200 పైన. దాంట్లో డ్రైవర్, క్లీనర్ భోజనాలు వెళ్లిపోతాయి. అదే వాడపల్లి దాటి దాచేపల్లి వైపు పోయేటప్పుడు మాత్రం ఇక్కడే నింపుకొని పోతాం.

డీలర్: నువ్వు ఫుల్ చేయించేది అక్కడ, మా దగ్గర యాభై లీటర్లు. మా బార్డర్ బంకుల పరిస్థితి అదీ. మా కమీషన్ లీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు. 2024 అక్టోబరులో పెట్రోలు మీద 65 పైసలు పెంచారు, అదీ ఏళ్ల తర్వాత. మేం తగ్గించి అమ్ముదామన్నా చేతిలో ఏముంటుంది?

లారీ యజమాని: మరి ప్రభుత్వమే తగ్గించొచ్చు కదా? 2021 నవంబరులో కర్ణాటక ఒక్కసారే 7 రూపాయలు తగ్గించింది.

లెక్చరర్: మన దగ్గర అప్పుడు తగ్గించలేదు. ప్రజల వైపు నుంచి చూస్తే అది కోపం తెప్పించేదే. కానీ రాష్ట్రాల బాధ కూడా ఒకటుంది. 2025లో కేంద్రం లీటరు పెట్రోలు మీద తీసుకునేది 21 రూపాయల 90 పైసలు. అందులో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన బేసిక్ ఎక్సైజ్ 1 రూపాయి 40 పైసలే! మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. వాటిలో రాష్ట్రాలకు వాటా లేదు. జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా రేటు పెట్టుకోగలిగినవి చాలా తక్కువ. పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు. పెట్రోలును కూడా జీఎస్టీకి వదులుకోమంటే ఎవరు ఒప్పుకుంటారు? 2021 సెప్టెంబరులో లక్నోలో జీఎస్టీ కౌన్సిల్ ముందుకు ఈ సంగతి వచ్చింది. ఇప్పుడే సమయం కాదని పక్కన పెట్టారు.

యాంకర్: మక్తల్ నుంచి ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండి.

కాలర్: సార్ నమస్తే. మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, కోడలు వాళ్ల అన్నయ్య కాలిఫోర్నియాలో. అక్కడ కూడా ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటంట. అదీ పన్నేనా?

లెక్చరర్: పన్ను కొంత. టెక్సస్ రాష్ట్రం పన్ను గ్యాలనుకు 20 సెంట్లు, 1991 నుంచి మారలేదు. కాలిఫోర్నియాలో 60 సెంట్ల దగ్గర. కానీ అక్కడ మీ లారీ అన్న చెప్పిన దూరం నిజంగానే పని చేస్తుంది. టెక్సస్ రిఫైనరీల పక్కనే ఉంది. కాలిఫోర్నియా పొగ తగ్గించడానికి తనకంటూ వేరే రకం పెట్రోలు అడుగుతుంది. అది చేసే రిఫైనరీలు కొన్నే, తూర్పు నుంచి అటు తెచ్చే పైప్‌లైన్లు లేవు. ఒక్క రిఫైనరీ ఆగినా రేటు ఎగిరిపోతుంది. మన దగ్గర దేశమంతా ఒకే ప్రమాణం కాబట్టి ఆ గొడవ లేదు.

కాలర్: ఇంకొక్కటి సార్. మా ఊర్లో కొందరు ట్రాక్టర్లకని రాయచూరు నుంచి ప్లాస్టిక్ క్యాన్లలో డీజిల్ తెచ్చుకుంటారు. తప్పు కాదా?

డీలర్: తేవద్దు అమ్మా. క్యాన్లకు మంట తగిలితే ట్రాక్టరే కాదు, ఇల్లు కూడా మిగలదు. బండి ట్యాంకులో పోయించుకొని రండి, ఎవరూ ఏమీ అనరు.

లారీ యజమాని: ట్రాక్టర్ వేసుకొని రాయచూరు పోయొస్తే మిగిలేదంతా దారిలోనే కాలిపోతుంది కదన్నా!

డీలర్: అందుకే ట్రాక్టర్లవాళ్లు మా బంకుకే వస్తారు.