మీటర్ పెట్టాకే పానా పట్టాలి: భారీ డీజిల్ ఇంజిన్లలో ఎలక్ట్రానిక్ లోపాలు

అందరికీ నమస్కారం.

ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ తగిలించారు, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ అని కోడ్ వచ్చింది. కొత్త సెన్సర్ తెప్పించి బిగించారు. బండి రోడ్డెక్కింది. సాయంత్రానికి మళ్లీ అదే లైటు, అదే కోడ్. షెడ్డుల్లో ఇది తరచూ జరిగేదే. సెన్సర్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజీ హద్దు దాటిందని చెప్పింది, అంతే. సర్క్యూట్ అన్నాక సెన్సర్‌తో పాటు రెండు వైర్లు, దారిలో రెండు మూడు కనెక్టర్లు, వాటిలో పిన్నులు, ఎర్త్, చివర ఇంజిన్ కంట్రోల్ మాడ్యూల్, అంటే మనం ఈసీఎం అనే పెట్టె ఉంటాయి. వీటిలో ఏది చెడినా అదే కోడ్ రావచ్చు. ఆ అయిదారింటిలో దోషి ఏదో సామాను మార్చకుండా ఎలా తేల్చాలన్నదే ఇవాళ్టి మాట.

ముందు కోడ్‌ను పూర్తిగా చదువుదాం. భారీ వాహనాల్లో ఎక్కువగా వాడే జె1939 పద్ధతిలో ప్రతి కోడ్‌కూ రెండు సంఖ్యలుంటాయి. ఎస్‌పీఎన్ ఏ విషయమో చెబుతుంది, ఎఫ్ఎంఐ ఏం జరిగిందో చెబుతుంది. ఎస్‌పీఎన్ 110 కూలెంట్ వేడి, 100 ఆయిల్ ప్రెషర్, 102 బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి), 157 రెయిల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే పైపులో ఒత్తిడి), 190 ఇంజిన్ స్పీడు. చాలామంది మొదటి సంఖ్య చూసి ఆగిపోతారు. అసలు దారి చూపేది రెండోది. 110తో ఎఫ్ఎంఐ 0 వస్తే నీళ్లు హద్దు దాటి వేడెక్కాయని. రేడియేటర్, ఫ్యాన్, థర్మోస్టాట్, నీటిమట్టం చూసుకోవాలి. అదే 110తో 3 వస్తే సర్క్యూట్‌లో వోల్టేజీ మరీ ఎక్కువైంది, 4 వస్తే మరీ తక్కువైంది. ఆ రెండింటికీ రేడియేటర్‌తో పని లేదు. 2 వస్తే రీడింగ్ గెంతులేస్తోందని అర్థం, వదులు పిన్ను వైపు చూడండి. సోలినాయిడ్లు, ఇంజెక్టర్లలో 5 అంటే కరెంటు పారడం లేదు, తీగ తెగి ఉండొచ్చు. 6 అంటే కరెంటు ఎక్కువ పారుతోంది, ఎక్కడో షార్ట్. 7 వచ్చిందంటే ఈసీఎం కదలమంది, భాగం కదల్లేదు. పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి బిగుసుకోవడం లాంటివి ఇక్కడ దొరుకుతాయి.

కోడ్ చెరిపేసే ముందు అన్నీ రాసుకోండి: ఏది ఇప్పుడు నడుస్తోంది, ఏది పాతది, ఎన్నిసార్లు వచ్చింది. ఫ్రీజ్ ఫ్రేమ్ ఉంటే దాన్నీ దించుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, ఎంత లోడ్ మీద ఉంది, ఎంత వేడిగా ఉంది అన్నది అందులో ఉంటుంది. చెరిపేస్తే ఆ సాక్ష్యం పోతుంది, మళ్లీ రాదు.

ఒకేసారి పది కోడ్‌లు వస్తే పదింటి వెనకా పరుగెత్తొద్దు. ఆ పదీ కలిసే చోటు వెతకండి. అది బ్యాటరీ కావచ్చు, ఎర్త్ కావచ్చు, సెన్సర్లకు ఈసీఎం ఇచ్చే 5 వోల్ట్ సప్లై కావచ్చు, మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైర్లు కావచ్చు.

బ్యాటరీతో మొదలుపెడదాం. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో ఒక్కొక్కటి సుమారు 12.6 వోల్టులు చూపాలి, 24 వోల్టుల బండిలో రెండూ కలిపి 25 పైన. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒక్కో బ్యాటరీ 9.6 కన్నా కిందికి జారకూడదు. ఇక్కడిదాకా అందరూ చూస్తారు. తర్వాతి మెట్టు దగ్గరే ఆగిపోతారు. బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీ ఈసీఎం పిన్ను దగ్గరా ఉందా? తీగలో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా, లోడ్ లేనప్పుడు మీటర్ నిండు వోల్టేజీయే చూపుతుంది. అందుకే కనెక్టర్ ఊడదీసి, సప్లై పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 21 వాట్ల బల్బు వెలిగించి అప్పుడు కొలవాలి. బల్బు కాంతిగా వెలుగుతుండగా బ్యాటరీ నెగటివ్ నుంచి ఈసీఎం ఎర్త్ పిన్ను దాకా మీటర్ పెడితే 0.2 వోల్ట్ దాటకూడదు. దాటితే ఎర్త్ బోల్టు కింద పెయింటో తుప్పో ఉంటుంది. పిన్ను రంధ్రాలు సాగిపోకుండా సరైన కొలత టెస్ట్ పిన్నే వాడండి. మల్టీమీటర్ సూదిని అందులో గుచ్చితే ఉన్న లోపానికి ఇంకోటి తోడవుతుంది.

ఇప్పుడు ఆ టెంపరేచర్ సెన్సర్ దగ్గరకే వెళ్దాం, ఈ పరీక్ష ఒక్కటి వచ్చినా ఎంతో సామాను మిగులుతుంది. ఇది రెండు తీగల సెన్సర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా సెన్సర్లు 20 డిగ్రీల దగ్గర రెండు, రెండున్నర వేల ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర మూడొందల పైచిలుకు చూపుతాయి. ఈసీఎం తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దాన్ని ఎంత కిందికి లాగిందో చూస్తుంది.

తాళం ఆన్ చేయండి, ఇంజిన్ ఆపే ఉంచండి. సెన్సర్ కనెక్టర్ ఊడదీయండి. స్కానర్‌లో వేడి మైనస్ 40 చుట్టుపక్కలకు పడిపోవాలి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు రెండు పిన్నుల మధ్య మీటర్ 5 వోల్టులు చూపాలి. ఇప్పుడు ఆ రెండు పిన్నులనూ చిన్న జంపర్ తీగతో కలపండి. స్కానర్‌లో వేడి ఒక్కసారిగా పై హద్దుకు ఎగరాలి. రెండూ జరిగాయంటే తీగలు బాగున్నాయి, ఈసీఎం బాగుంది. ఇక మిగిలింది సెన్సర్, దాని దగ్గరి పిన్నుల పట్టు. జంపర్ కలిపినా రీడింగ్ కదలకపోతే సిగ్నల్ పిన్ను (5 వోల్టులు వచ్చేది) నుంచి ఇంజిన్ బాడీకి జంపర్ వేసి చూడండి. అప్పుడు ఎగిరితే తెగింది ఎర్త్ తీగ, అప్పటికీ ఎగరకపోతే సిగ్నల్ తీగనో ఈసీఎంనో చూడాలి. ఇదంతా అయిదు నిమిషాల పని. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఈ జంపర్ రెండు తీగల టెంపరేచర్ సెన్సర్‌కే. మూడు తీగల సెన్సర్ మీద చేస్తే 5 వోల్ట్ సప్లై షార్ట్ అవుతుంది. వైరింగ్ డయాగ్రమ్‌లో పిన్ను చూసుకోకుండా జంపర్ ముట్టుకోవద్దు.

మూడు తీగలవి ప్రెషర్ సెన్సర్లు. ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్. ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ అర వోల్ట్ దగ్గర, నిండుగా ఉన్నప్పుడు నాలుగున్నర దగ్గర ఉండేలా చాలావాటిని తయారుచేస్తారు. ఈ 5 వోల్టులను చాలా ఇంజిన్లలో మూడు నాలుగు సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఒకటి లోపల షార్ట్ అయితే మిగతావన్నీ దానితోపాటే పడిపోతాయి. ఆయిల్, బూస్ట్, ఫ్యూయల్ ప్రెషర్ కోడ్‌లు కలిసికట్టుగా వస్తాయి, చూసినవాళ్లు ఈసీఎం కాలిపోయిందనుకుంటారు. సప్లై పిన్ను మీద మీటర్ పెట్టి, సెన్సర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోండి. ఏది ఊడగానే 5 వోల్టులు తిరిగొచ్చాయో అదే దోషి. అన్నీ ఊడదీసినా రాకపోతే హార్నెస్ ఎక్కడో ఒరుసుకుని ఉండొచ్చు. క్లాంపుల కింద, బ్రాకెట్ అంచుల దగ్గర, టర్బో పక్కన వెతకండి.

కోడ్ పడదు గానీ బండికి పుల్లింగ్ లేదు. అప్పుడు? రాత్రంతా ఆగి ఉన్న బండికి పొద్దున్నే తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా స్కానర్ చూడండి. కూలెంట్, ఆయిల్, డీజిల్, ఇన్‌టేక్ గాలి అన్నిటి వేడీ అయిదారు డిగ్రీల తేడాలో ఒకే చోట ఉండాలి. ఆయిల్ ప్రెషర్ సున్నా, రెయిల్ ప్రెషర్ సున్నా దగ్గర ఉండాలి. ఇన్‌టేక్ ప్రెషర్‌ను వాతావరణ పీడనంతో కలిపి మొత్తం పీడనంగా చూపే బండిలో అది వాతావరణ పీడనంతో సరిపోవాలి, సముద్రమట్టం దగ్గర రెండూ సుమారు 100 కిలోపాస్కల్స్. ఏ ఒక్కటి గుంపు నుంచి విడిపోయినా దాన్ని పట్టుకోండి. హద్దు లోపలే అబద్ధం చెప్పే సెన్సర్‌కు చాలాసార్లు కోడ్ పడదు, దాన్ని పట్టే మార్గం ఇదే. పైసా ఖర్చు లేని పరీక్ష, ఎందుకో చాలా తక్కువమంది చేస్తారు.

క్యాన్ సంగతి కొద్దిలో చెబుతాను. జె1939 తీగల జంటకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండుంటాయి. బ్యాటరీ తీసేసి, తొమ్మిది పిన్నుల డయాగ్నోస్టిక్ కనెక్టర్‌లో సీ, డీ పిన్నుల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక రెసిస్టర్ లేదు, లేదా తీగ తెగింది. 40 వస్తే ఎవరో మూడోది తగిలించారు. సున్నా దగ్గర వస్తే రెండు తీగలూ అంటుకున్నాయి. బ్యాటరీ కలిపి, తాళం ఆన్ చేసి ఎర్త్‌కు కొలిస్తే ఒకటి 2.5 వోల్టులకు కాస్త పైన, రెండోది కాస్త కింద ఉండాలి. ఏదో ఒక మాడ్యూల్ నుంచి సందేశం రాలేదని ఎఫ్ఎంఐ 9 పడితే ఆ మాడ్యూల్‌కు సప్లై, ఎర్త్ అందుతున్నాయో లేదో ముందు చూడండి. ఈ రెండు తీగలూ ఒకదానికొకటి మెలేసి ఉంటాయి, తెగిన క్యాన్ తీగ అతికితే ఆ మెలికలు మునుపటిలాగే ఉంచాలి.

ఇక స్టార్ట్ కాని కామన్ రెయిల్ ఇంజిన్. సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో రెండే చూడండి: ఇంజిన్ స్పీడు, రెయిల్ ప్రెషర్. ఇంజిన్ తిరుగుతున్నా స్పీడు సున్నా చూపితే ఇంజిన్ చుట్లు పట్టే క్రాంక్ సెన్సర్ కొనకు ఇనుప పొడి పట్టిందేమో, గ్యాప్ పెరిగిందేమో చూడాలి. స్పీడు వస్తోంది, ప్రెషర్ లేవడం లేదు అంటే డీజిల్ వైపు వెళ్లండి. చాలా ఇంజిన్లకు 200 నుంచి 300 బార్ దాటితే గానీ ఈసీఎం ఇంజెక్టర్ తెరవదు. హై ప్రెషర్ పంపు మీద నింద వేసేముందు ఫిల్టర్, ట్యాంకు నుంచి వచ్చే పైపు, లైన్లో గాలి చూడండి. తర్వాత ఇంజెక్టర్ రిటర్న్, అంటే ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిల్, కొలవండి. ఒక్క ఇంజెక్టర్ లోపల కారుతున్నా, పంపు ఎంత తోసినా రెయిల్ నిండదు. కొత్త ఇంజెక్టర్ వేశాక, ట్రిమ్ కోడ్ (ఆ ఇంజెక్టర్ కొలత తేడాను చెప్పే సంఖ్య) అవసరమైన ఇంజిన్లలో, దాని మీదున్న ఆ కోడ్‌ను ఈసీఎంలో ఎక్కించాలి, లేకపోతే ఆ సిలిండర్‌కు పడే డీజిల్ కొలత తప్పుతుంది.

ఇక్కడ ప్రాణాల మాట. నడుస్తున్న ఇంజిన్ మీద రెయిల్ పైపు వదులు చేయొద్దు, కారుతున్న చోటు చేత్తో తడిమి చూడొద్దు. ఆ లైన్లలో 2000 బార్ దాకా ఉంటుంది, సన్నటి ధార చర్మంలోంచి దూసుకెళుతుంది. పైకి సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, లోపల కండ పాడవుతుంది. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, డీజిల్ దూరిందని డాక్టరుకు చెప్పాలి. ఇంజెక్టర్ తీగల్లోనూ బ్యాటరీ కన్నా బాగా ఎక్కువ వోల్టేజీ ఉండొచ్చు, నడుస్తుండగా వాటిని ముట్టుకోవద్దు.

వచ్చి పోయే లోపాలే అన్నింటికన్నా సతాయిస్తాయి. ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, స్కానర్‌లో ఆ రీడింగ్ గ్రాఫ్ తెరిచి, హార్నెస్‌ను కనెక్టర్ నుంచి కనెక్టర్ దాకా జానెడు జానెడు చొప్పున కదపండి. ఫ్యాన్‌కు, బెల్టులకు దూరంగా ఉండండి. గీత ఎక్కడ గెంతితే అక్కడ ఆగండి. కనెక్టర్ విప్పితే పచ్చ తుప్పు, వంగిన పిన్ను కంటికి కనబడతాయి. పట్టు వదిలిన ఆడ పిన్ను మాత్రం కనబడదు. దాంట్లోకి అదే కొలత మగ పిన్ను విడిగా దూర్చి లాగి చూడాలి, బిగువు లేకుండా జారిపోతే మార్చాల్సిందే. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ లోపల కారితే ఆయిల్ తీగ పోగుల వెంట పాకి చాలా దూరం వెళ్లగలదు. ఈసీఎం కనెక్టర్‌లో ఆయిల్ కనబడితే వెనక్కి వెతుక్కుంటూ రండి. తీగ తొడుగుకు సూది గుచ్చి కొలవడం మాత్రం మానండి. ఆ రంధ్రంలోంచి నీళ్లు దిగి, తర్వాత తీగ లోపల్లోపలే తుప్పు పట్టి తెగుతుంది.

మరమ్మతు అయ్యాక కోడ్ చెరిపి, షెడ్డు ముందు ఒక చుట్టు తిప్పి ఇచ్చేస్తే సరిపోదు. మొదట్లో దించుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ తీయండి. అందులో 85 డిగ్రీల వేడి, 1400 చుట్లు, 90 శాతం లోడ్ అని ఉంటే, బండిని సరుకుతో ఎత్తు ఎక్కించి అవే అంకెల దగ్గర కాసేపు నడపాలి. పక్కన ఒకరు కూర్చుని స్కానర్ చూడాలి. రీడింగ్ అక్కడ నిలబడ్డాకే తాళం డ్రైవర్ చేతికివ్వండి.