మఫ్లర్ వద్దు, చెప్పులు అల్లండి

(అమెరికాలో మా ఊరి తెలుగువాళ్ల చలికాలం మీటింగులో మాట్లాడింది, కొంచెం సరిచేసి)

అందరికీ నమస్కారమండి. వెనక వరసలో వాళ్లకి వినపడుతోందా? సరే. నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అయ్యాక వేడివేడి మిర్చి బజ్జీలు ఉన్నాయని ముందే అనౌన్స్ చేసేశారు కాబట్టి మీ దృష్టి ఎక్కడుందో నాకు తెలుసు, అందుకే సుత్తి లేకుండా విషయంలోకి వచ్చేస్తా.

అల్లిక నేర్చుకుందాం అనుకున్న ప్రతి మనిషీ మఫ్లర్‌తోనే మొదలుపెడతారు. ఎందుకంటే అది తిన్నగా పోతుంది, ఈజీ అని ఎవరో చెప్తారు. ఈజీనే, కాదనను, కానీ అయిదడుగులు, ఆరడుగులు అదే కుట్టు, అదే వరస, అడుగున్నర అయ్యేసరికి ప్రాణం విసిగిపోతుంది, పైగా అంచుల్లో తెలీకుండా కుట్లు పెరిగిపోయి కింద ఆరంగుళాలు ఉన్నది పైన తొమ్మిదంగుళాలు అవుతుంది, అప్పుడు దాన్ని సూదులతో సహా ఒక కవర్లో పెట్టి అల్మరా పై అరలోకి తోసేస్తారు. ఈ హాల్లో ఎంతమంది ఇళ్లలో అలాంటి కవర్ ఉందో చేతులెత్తమంటే బాగోదు గానీ నవ్వేవాళ్లని చూస్తే తెలుస్తోంది. ఇంకొందరు చంటిపిల్లల స్వెట్టర్ మొదలెడతారు, అది పూర్తయ్యేలోపు ఆ పిల్ల ప్రీస్కూల్‌కి వెళ్లిపోతుంది.

నేను చెప్పేది ఒక్కటే, మొదటిసారి అల్లేవాళ్లు ఇంట్లో వేసుకునే ఊలు చెప్పులు అల్లండి, ఒంటరిగా కాకుండా ఆన్‌లైన్లో ఒక గుంపుతో కలిసి అల్లండి. ఈ రెండూ కలిస్తేనే పని అవుతుందని నా అనుభవం.

చెప్పులే ఎందుకంటే మన ఇళ్ల సంగతి మనకి తెలిసిందే. ఏ దేశంలో ఉన్నా గుమ్మం దగ్గర బూట్లు విప్పాల్సిందే. జనవరిలో ఇక్కడ బయట మైనస్‌లో ఉంటుంది, లోపల హీటర్ ఎంత తిప్పినా చెక్క ఫ్లోర్, కిచెన్‌లో టైల్స్ చల్లగానే ఉంటాయి. ఇండియా నుంచి అమ్మావాళ్లో అత్తగారువాళ్లో వస్తే వాళ్ల పాట్లు చూడాలి. మా అత్తయ్యది తెనాలి దగ్గర, కొంచెం మడీ ఆచారం ఎక్కువ, రబ్బరు చెప్పులు, తోలు చెప్పులు వంటింట్లోకి చచ్చినా రానివ్వరు, ఒట్టి కాళ్లతో టైల్స్ మీద నిలబడి పప్పు తాలింపు వేస్తుంటే చూడటానికి నాకే కాళ్లు తిమ్మిరెక్కేవి. ఊలుతో అల్లినవి ఇస్తే మొదట అటూ ఇటూ తిప్పి చూశారు, తర్వాత "మా అత్తగారు మడికి ఊలు ధావళి కట్టుకునే వంట చేసేవారు, ఊలుకి అంటు ఏముంది లేమ్మా" అని తొడుక్కున్నారు. దేవుడి గది గుమ్మం దగ్గర మాత్రం విప్పేస్తారు. అంతవరకూ నాకు చాలు.

ఇప్పుడు అల్లడం ఎలాగో చెప్తా, భయపడకండి, చాలా చిన్నది. మామూలు వర్‌స్టెడ్ ఊలు, అంటే మధ్యరకం లావు, రెండు పోగులు కలిపి పట్టుకోవాలి, 6 ఎంఎం సూదులు. ఆడవాళ్ల మామూలు సైజుకి 28 కుట్లు ఎక్కించండి. దారం వెనక ఉంచి వేసే కుట్టు నిట్, ముందుకి తెచ్చి వేసేది పర్ల్. అన్ని వరసలూ నిట్టే, పర్ల్ అక్కర్లేదు, దాన్నే గార్టర్ అంటారు, అలా అయిదున్నర అంగుళాలు. అక్కడి నుంచి ఒక నిట్ ఒక పర్ల్ చొప్పున రిబ్బు, మూడంగుళాలు. చివర్లో కుట్లన్నిటినీ దారంలోకి ఎక్కించి బిగించి లాగితే వేళ్ల దగ్గర గుండ్రంగా మూసుకుంటుంది. రిబ్బు పక్కలు రెండూ కలిపి కుడితే పాదం పైభాగం, మొదట ఎక్కించిన అంచుని సగానికి మడిచి కుడితే మడమ. అయిపోయింది. పాదం తొమ్మిదిన్నర అంగుళాలు ఉంటే చెప్పు ఎనిమిదిన్నర చాలు, ఎందుకంటే అల్లిక సాగుతుంది, సాగి పట్టుకుంటేనే కాలికి నిలుస్తుంది. వంద గ్రాముల ఊలుతో దాదాపు ఒక జత అవుతుంది. రెండు పోగులూ రెండు రంగులు తీసుకుంటే ఇంకా బావుంటుంది, పైగా చిన్నచిన్న తప్పులు కనపడవు, ఇది మాత్రం సీక్రెట్.

గుంపు ఎందుకు అంటారా. ఇలా దూరదూరంగా ఉన్నవాళ్లు ఒకే డిజైన్ ఒకేసారి అల్లడాన్ని నిట్-అలాంగ్ అంటారు. ఇది ఇంటర్నెట్ వచ్చాక పుట్టిందేం కాదు. 1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు రెడ్ క్రాస్ వాళ్లు ఒకే కొలతల కాగితాలు దేశమంతా పంచి సైనికులకి సాక్సులు, స్వెట్టర్లు అల్లించారు, స్కూళ్లలో మగపిల్లలు కూడా కూర్చుని అల్లారు. తర్వాత మన పక్కనే విస్కాన్సిన్‌లో ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని ఒకావిడ, ఇంగ్లండులో పుట్టి ఇక్కడ స్థిరపడ్డావిడ, 1958లో పోస్టులో న్యూస్‌లెటర్ పంపడం మొదలుపెట్టింది, ఎవరో రాసిన లెక్కని గుడ్డిగా పట్టుకోవద్దు, నీ చేతి బిగువు ఎంతో, అంటే అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో చూసుకుని నీ కుట్లు నువ్వే లెక్కేసుకో అని ఆవిడ పద్ధతి. 2007లో జెస్సికా ఫోర్బ్స్, కాసిడీ ఫోర్బ్స్ అనే ఇద్దరు రావెల్రీ అని అల్లేవాళ్ల కోసం ఒక వెబ్‌సైట్ పెట్టారు, అప్పట్నుంచి లక్షలమంది అల్లేవాళ్లు ఒకచోట చేరారు. మనం చేసేది వాళ్ల ముందు పిసరంత.

మా గుంపు శనివారం కలుస్తుంది. మాకు పొద్దున తొమ్మిది, లండన్‌లో ఉన్నావిడకి మధ్యాహ్నం మూడు, హైదరాబాద్, విశాఖ వాళ్లకి రాత్రి ఎనిమిదిన్నర, వాళ్లు గిన్నెలు సర్దుకుంటూనే లాగిన్ అవుతారు. మొదటి వారం ఊలు చూపించుకోవడం, నాలుగంగుళాల చదరపు ముక్క అల్లి చేతి బిగువు చూసుకోవడం. రెండో వారం గార్టర్, మూడో వారం వేళ్లు, నాలుగో వారం కుట్టి మూసేయడం. ముందుకి దూకేయడానికి లేదు, అదొక్కటే రూలు. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే కష్టమైన చోటు అందరికీ ఒకే వారం వస్తుంది. రిబ్బు మొదలైన రోజు అందరి మొహాల్లోనూ ఒకే అయోమయం, దారం ముందుకి తేవాలా వెనక్కి తేవాలా అని, అప్పుడు నాకొక్కదానికే రావట్లేదు అన్న దిగులు ఉండదు చూడండి, మఫ్లర్ కవర్లోకి పోయేది ఆ దిగులు వల్లే.

ఒక సంగతి చెప్తా. ఒకరోజు గుంపులో ఒకమ్మాయి కెవ్వుమంది, కుట్టు జారిపోయిందక్కా అని. జారిన కుట్టు కింది వరసలకి దిగిపోయి నిచ్చెన పడుతుంది కదా, ఆ పిల్ల కంగారులో సూదులు రెండూ లాగేయబోయింది. అప్పుడు మాలో పెద్దావిడ, పంజాబ్‌లో ఆర్మీ క్వార్టర్స్‌లో చాలా ఏళ్లు ఉండి అక్కడ అల్లిక నేర్చుకున్నావిడ, ఉల్టా సీదా అనే అంటారు ఇప్పటికీ, "ఏయ్, ముట్టుకోకు, ఆ లూపుకి ఒక పిన్నీసు గుచ్చు, ఇప్పుడు కెమెరా దగ్గరికి తీసుకురా" అన్నారు. అందరం అల్లడం ఆపేసి స్క్రీన్ చూస్తున్నాం. క్రోషా కొక్కెం తీసుకుని అడ్డంగా ఉన్న దారాన్ని లూపులోంచి లాగమన్నారు, గార్టర్ కాబట్టి ఒక మెట్టు ముందు నుంచి లాగితే తర్వాతి మెట్టు వెనక నుంచి లాగాలి, లేకపోతే ఆ ఒక్క గీతా నునుపుగా వేరేగా కనపడుతుంది. ముందు, వెనక, ముందు, వెనక అని ఆవిడ చెప్తుంటే పిల్ల ఒక్కో మెట్టూ ఎక్కించి మళ్లీ సూది మీద పెట్టేసింది. ఇది పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకోవచ్చు, కాదనను, కానీ చేతులు వణుకుతున్నప్పుడు బొమ్మ "ముట్టుకోకు" అని అరవదు కదా.

ఇంక ఊలు గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతా, ఓర్చుకోండి. మన దగ్గర బజార్లో ఊలు అని అమ్మేవాటిలో చాలా వరకు యాక్రిలిక్కే, అంటే ప్లాస్టిక్ దారమే. రంగులు బావుంటాయి, చవక, మెషీన్లో వేసినా ఏమీ కాదు, నేర్చుకోడానికి హాయిగా వాడొచ్చు. కానీ చెప్పులకి అసలు గొర్రె ఊలుకి ఉన్న గుణం దానికి లేదు. గొర్రె వెంట్రుకని మైక్రోస్కోప్‌లో చూస్తే మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు, బాగా కుదుపు, ఈ మూడూ తగిలితే వెంట్రుకలు ఒకదాంట్లోకి ఒకటి జరిగి ఆ పొలుసులు ముడిపడిపోతాయి, మళ్లీ విడిపోవు. అల్లిక కుంచించుకుపోయి మందంగా, కుట్లు కూడా కనపడకుండా తయారవుతుంది. దీన్నే ఫెల్టింగ్ అంటారు. చాలామంది ఇళ్లలో ఇది యాక్సిడెంట్‌గా జరుగుతుంది, మంచి స్వెట్టర్ వేడినీళ్లలో పడి బొమ్మకి సరిపోయే సైజులో బయటికి వస్తుంది. చెప్పులకి మాత్రం కావాలనే చేస్తాం. ఇందాక చెప్పినవి కాలికంటే చిన్నగా అల్లుతాం గానీ, ఫెల్ట్ చేసేవి కాలికంటే చాలా పెద్దగా, ఏనుగు పాదానికి అన్నట్టు అల్లి, జిప్పున్న దిండు గలీబులో వేసి, ఒక పాత జీన్స్ ప్యాంటుతో కలిపి వేడినీళ్లలో తిప్పుతాం.

ఇక్కడ జాగ్రత్తలున్నాయి. నిలువు ఎక్కువ కుంచిస్తుంది, అడ్డం తక్కువ, అందుకని పొడవు ఎక్కువ అల్లాలి. టాప్ లోడ్ మెషీన్ అయితే అయిదు నిమిషాలకోసారి ఆపి తీసి చూసుకోవచ్చు, ఫ్రంట్ లోడ్ అయితే తలుపు లాక్ అయిపోతుంది, మనం అద్దంలోంచి చూస్తూ దేవుణ్ణి తలుచుకోవడమే. మా గుంపులో ఒకావిడ వాళ్లాయనకని ముచ్చటపడి అల్లినవి అలాగే లాక్ అయిపోయి చివరికి వాళ్ల రెండో తరగతి పిల్లాడి కాలికి సరిగ్గా సరిపోయాయి, వాడు ఆనందం పట్టలేక స్కూల్‌కి కూడా వేసుకెళ్తానన్నాడు. ఇంకోటి, లేబుల్ మీద సూపర్‌వాష్ అని ఉంటే ఆ ఊలు ఎంత ఉడికించినా ముడిపడదు, ఎందుకంటే ఆ పొలుసుల్ని క్లోరిన్‌తో అరగదీసో, పైన సన్నటి పూత వేసో మెషీన్‌లో ఉతికేందుకు వీలుగా చేసేస్తారు. తెల్ల ఊలు కూడా కొన్నిసార్లు మొండికేస్తుంది, బ్లీచ్ చేసి ఉంటే. చిన్న ముక్క అల్లి ముందు ఉతికి చూడండి, ఆ ఒక్క పనికి బద్ధకించొద్దు.

ఊలు మనకి కొత్తేం కాదండి, మనవాళ్లది చలిదేశం కాదు కాబట్టి ఊలు అనగానే కాశ్మీర్ అంటాం గానీ తెలంగాణలో గొంగడి ఎప్పట్నుంచో ఉంది. దక్కనీ నల్ల గొర్రె ఉన్ని, కురుమవాళ్లు గుంట మగ్గం మీద నేసి చింతగింజల గంజి పెడతారు, వానకి, చలికి, పడుకోడానికి, గింజలు ఆరబోసుకోడానికి అన్నిటికీ అదే. ఆ ఉన్ని గరుకు, ఒంటికి గుచ్చుతుంది, అందుకే స్వెట్టర్లకి ఎవరూ తీసుకోరు, దాంతో గొర్రెల కాపరులకి కత్తిరించిన కూలి కూడా గిట్టని పరిస్థితి వచ్చింది. కానీ చెప్పు అడుగుకి గరుకుదనమే కావాలి! హైదరాబాద్‌లో ఒక స్టార్టప్ వాళ్లు ఈ దక్కనీ ఉన్నితో రైతులకి బూట్లు కూడా చేశారు. నాకైతే ఒక పాత గొంగడి ముక్క దొరికితే కత్తిరించి మన చెప్పులకి అట్టగా వేద్దామని ఉంది, ఊరెళ్లినప్పుడు ఎవరైనా తెచ్చిపెడితే దణ్ణం పెడతా.

కొంతమంది నన్ను అడుగుతారు, మన నరసాపురం లేసు కూడా ఇలాగే కదా, ఆడవాళ్లంతా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ అల్లేవాళ్లు కదా అని. మిషనరీలు వచ్చాక గోదావరి జిల్లాల్లో పాకిన పని అది, చాలా అందమైన పని, కానీ ఆ అరుగుని మరీ తియ్యగా చెప్పుకోవడం నాకిష్టం ఉండదు. అది కూలి. పీసుకింత అని లెక్క, ఏజెంటు చేతిలో, కళ్లు పోయేలా సన్న దారం. మనం శనివారం కాఫీ తాగుతూ చేసేది సరదా. రెండూ కలిసి కూర్చుని చేసేవే అయినా ఒకటి కాదు, ఆ తేడా గుర్తుంటే మనం ఒక లేసు టేబుల్ క్లాత్ కొనేటప్పుడు బేరం తగ్గించి ఆడతాం.

సరే, టైము అయిపోవస్తోంది, ముఖ్యమైనది ఒకటి మిగిలింది. ఊలు చెప్పు గ్రానైట్ మీద, చెక్క ఫ్లోర్ మీద జారుతుంది. చాలా జారుతుంది. అడుగున తోలు ముక్క కుట్టండి, మడి ఇల్లయితే సిలికోన్ చుక్కలు పెట్టి ఒక రోజంతా ఆరనివ్వండి. అది లేకుండా పెద్దవాళ్లకి గిఫ్ట్ ఇవ్వకండి, తుంటి ఎముక విరిగితే మన ప్రేమ ఎవరికి కావాలి చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకి కొంచెం వదులుగా అల్లి, కుట్టిన అంచు బయటివైపుకి పెట్టండి, వాళ్లకి పాదంలో స్పర్శ తక్కువగా ఉంటే లోపల ఒరుసుకున్నా తెలీదు.

ఇంకా రెండో చెప్పు జబ్బు ఉంది. ఒకటి అల్లేసి ఫోటో పెట్టి, లైకులు వచ్చేసి, రెండోది మర్చిపోవడం. సాక్సులు అల్లేవాళ్లలో ప్రపంచమంతా ఉన్న జబ్బే ఇది. అందుకే మేం ఒంటి చెప్పు ఫోటోలు పెట్టనివ్వం. ఓపికుంటే రెండిటినీ ఒకే పొడుగు సూది మీద, వేరే వేరే ఉండలతో పక్కపక్కనే అల్లండి, దారాలు కాస్త చిక్కుపడతాయి గానీ రెండూ ఒకేసారి పూర్తవుతాయి, సైజు కూడా ఒకటే వస్తుంది.

కొత్త బ్యాచ్ వచ్చే శనివారం మొదలవుతుంది. సూదులు నా దగ్గర ఎక్స్‌ట్రా ఉన్నాయి, ఇవాళే తీసుకెళ్లొచ్చు. ఊలు మాత్రం మీరే కొనుక్కోండి, ముదురు నలుపు, నేవీ బ్లూ తీసుకోకండి, మొదటిసారి కుట్లు కనపడక ఏడుస్తారు, లేత రంగు తీసుకోండి. ఇంట్లో అందరి పాదాల కొలతలూ అంగుళాల్లో రాసుకుని రండి, మగవాళ్లవి కూడా. మగవాళ్లు స్వయంగా వచ్చి అల్లుకుంటామన్నా అభ్యంతరం లేదు, పోయిన బ్యాచ్‌లో ఒకాయన ఉన్నారు, అందరికంటే నీట్‌గా ఆయనవే వచ్చాయి. ప్రశ్నలుంటే అడగండి, లేదంటే బజ్జీల దగ్గర మాట్లాడుకుందాం.