చెంబుకు ఎన్ని పనులు?

(అనంతపురంలో ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఈ ఉదయం మీలో చాలామంది బొరుగులతో చేసే ఉగ్గాని తిని వచ్చి ఉంటారు కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. బొరుగులు కరకరలాడాలి. మెత్తబడితే పాడయ్యాయంటాం, అందుకే వానాకాలంలో డబ్బా మూత బిగించి మరీ దాచుకుంటాం. అలాంటి బొరుగులను ఎవరో ఒక ఇల్లాలు కావాలనే నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప తాలింపులో వేసి, పైన పప్పుల పొడి చల్లింది. ఏది జరగకూడదని అందరూ జాగ్రత్త పడతారో దానినే ఆమె వంటకు మొదటి మెట్టు చేసుకుంది. సృజన అనగానే మనకు కవులు, శాస్త్రవేత్తలు గుర్తుకు వస్తారు గాని, ఆ పొయ్యి దగ్గర జరిగినదీ అదే జాతి పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఒక వస్తువుకు ఒక పని అప్పగించిన తరువాత, దానికి మరో పని ఉండవచ్చని మన మనసు ఓ పట్టాన ఒప్పుకోదు. జర్మన్ మనస్తత్వవేత్త కార్ల్ డంకర్ దీనిని ఒక చిన్న ప్రయోగంతో చూపించాడు. అది 1945లో ఇంగ్లీషులో వెలువడింది. కొవ్వొత్తులు, మేకులు, చిన్న అట్టపెట్టెలు ఇచ్చి, ఆ కొవ్వొత్తులను తలుపు మీద నిలబెట్టమన్నాడు. పెట్టెను మేకుతో తలుపుకు కొట్టి, దాని మీద కొవ్వొత్తి పెట్టడమే ఉపాయం. పెట్టెలు ఖాళీగా ఉన్నప్పుడు సులభంగా తట్టిన ఆ ఉపాయం, వాటి నిండా సామాను పోసి ఇచ్చినప్పుడు చాలామందికి తట్టలేదు. నిండిన పెట్టె వారికి సామాను దాచుకునేదిగానే కనబడింది తప్ప, దేనినైనా మోయగల పలకగా కనబడలేదు.

ఇదే కోవలో టిమ్ జర్మన్, మార్గరెట్ డెఫెయ్టర్ అనే మనస్తత్వవేత్తలు 2000లో ప్రచురించిన పరిశోధన ఉపాధ్యాయులందరూ తెలుసుకోదగినది. ఐదేళ్ల పిల్లలకు ఈ అడ్డు లేదు. ఆరేడేళ్ల పిల్లల్లో అది కనబడింది. దీనికి బడిని మాత్రమే తప్పుపట్టలేం. ఏ వస్తువు ఎందుకు చేశారో తెలుసుకోవడం పిల్లవాడి ఎదుగుదలలో భాగమే. అయితే ఆ తెలివిడి తలుపులు మూసే తీరును నేను కళ్లారా చూశాను, ఒకసారి ఆ తలుపు మూసినవాణ్ణి నేనే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పల్లె బడిలో, చెంబు ఎందుకు పనికివస్తుందని పిల్లలను అడిగాను. నీళ్లు తాగడానికి, పాలు పితకడానికి అన్న జవాబులు వచ్చాయి. వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "మాయమ్మ చెంబులో నిప్పులేసి మా నాయన చొక్కా ఇస్త్రీ చేస్తాది సార్" అంది. తరగతి అంతా గొల్లుమంది. నేను వారిని ఆపలేదు సరికదా, అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పమని ఆమెను కసిరి కూర్చోబెట్టాను. ఆ ఏడాది ఆ అమ్మాయి మళ్లీ చెయ్యెత్తలేదు. ఇప్పుడు ఆలోచిస్తే, ఇత్తడి చెంబుకు బరువుందని, అడుగు నునుపుగా ఉంటుందని, లోపలి వేడి బయటికి తగులుతుందని ఆ తల్లి గమనించింది. చెంబు అనే పేరును పక్కనపెట్టి దాని గుణాలను చూసింది. ఆ రోజు నేను చెప్పవలసిన పాఠం అదే.

పేరు పక్కనపెట్టి గుణం చూడడం ఒక ఊరి బతుకునే నిలబెట్టగలదు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట మొన్నటిదాకా మన జిల్లాలోది. 2022 నుంచి శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేక తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగదీసి ఆరబెట్టి, దాని మీద బొమ్మ గీసి, సన్నని రంధ్రాలు కొట్టి, రంగులు దిద్దుతారు. తెర వెనుక దీపం వెలిగినప్పుడు ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే సీతమ్మ మెడలో నగలవుతుంది. సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా కూర్చుని ఆట చూసేవారు తగ్గిపోయారు. ఇక ఆ తోలుకు పని లేదని అనుకోవచ్చు. ఆ ఊరి కళాకారులు మాత్రం తెర వెనుకనున్న దీపాన్ని తెచ్చి బొమ్మ లోపలే పెట్టారు. నేడు నిమ్మలకుంట ల్యాంప్‌షేడ్లు ఇళ్ల గదుల్లో వెలుగుతున్నాయి. తోలు అదే, రంధ్రాలు అవే, రంగుల సంప్రదాయం అదే. వెలుగును తనలోంచి పోనిచ్చే గుణం మరో చోటు వెతుక్కుంది.

ఊహ తట్టడంతో పని పూర్తవుతుందని నేను అనడం లేదు. ఇంగ్లండుకు చెందిన పండితుడు గ్రాహమ్ వాలస్ 1926లోనే సృజనలోని దశలను వివరిస్తూ, సరిచూసుకోవడాన్ని చివరి దశగా చెప్పాడు. బొరుగులు నీళ్లలో కాస్త ఎక్కువసేపు ఉంటే ముద్దవుతాయి, తక్కువైతే గొంతు దిగవు. ఆ కొలత తేలేదాకా ఎన్ని పూటల వంట చెడిందో ఆ ఇల్లాలికే తెలియాలి. చెడిన ఆ పూటలను సహించిన ఇల్లు కూడా ఆ వంటకంలో భాగస్వామే.

ఈ బల్ల మీద ఒక ఇత్తడి చెంబు పెట్టాను. మీ చేతుల్లో తలా ఒక కాగితం ఉంది. గుంపుగా కూర్చుని ఆలోచించేవారి కంటే, అంతేమంది విడివిడిగా ఆలోచించి రాసినవన్నీ కలిపితే ఎక్కువ ఊహలు వస్తాయని 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో టేలర్, బెర్రీ, బ్లాక్ చేసిన అధ్యయనం చూపింది. కనుక పక్కవారితో మాట్లాడకుండా, ఐదు నిమిషాల పాటు, నీళ్లు కాక ఈ చెంబుకు ఇంకా ఏమేమి పనులున్నాయో రాయండి. కావాలంటే లేచి వచ్చి, చేతిలోకి తీసుకుని, బరువు చూడండి. తరువాత అన్నీ చదువుదాం. వెనుక వరుసతో మొదలుపెడదాం.