అంతియొకయలో ఆ భోజనాల బల్ల దగ్గర

శ్రోతలందరికీ నమస్కారమండీ. ఇవాళ మాట్లాడుకోబోయేది రక్షణ గురించి, అంటే పాపం నుంచి విడుదలై దేవుని దగ్గర అంగీకారం పొందడం గురించి, అది విశ్వాసం వల్ల వస్తుందా, మోషే ద్వారా యూదులకి వచ్చిన ధర్మశాస్త్రం పాటిస్తే వస్తుందా అనే పాత గొడవ గురించి. వినగానే ఏదో బైబిల్ కాలేజీ క్లాసులా ఉంది కదా, కానీ ఈ గొడవ బాగా ముదిరింది క్లాసులో కాదండీ, భోజనాల దగ్గర.

అంతియొకయ అని ఒక పట్నం, ఇప్పటి టర్కీలో ఉంది. యేసుని నమ్ముకున్నవాళ్ళు అక్కడ రెండు రకాలు, పుట్టుకతో యూదులు కొందరు, యూదులు కానివాళ్ళు కొందరు, అంటే మన బైబిల్లో అన్యజనులు అంటారే వాళ్ళు. యూదుడు అన్యజనులతో కూర్చుని తినడం అంటే అప్పట్లో చిన్న విషయం కాదు. అయినా యేసు శిష్యుల్లో ముఖ్యుడైన పేతురు అక్కడికి వచ్చి అందరితో కలిసి హాయిగా తింటున్నాడు, ఇంతలో యెరూషలేము నుంచి అక్కడి సంఘ పెద్ద యాకోబు తరఫు వాళ్ళు కొంతమంది దిగారు, దిగేసరికి ఈయన మెల్లగా పక్కకి జరిగాడు. ఆయన్ని చూసి మిగతా యూదులూ జరిగారు, చివరికి పౌలుతో కలిసి పనిచేసే బర్నబా లాంటి మంచి మనిషి కూడా. అప్పుడు అన్యజనులకి సువార్త చెప్పే అపొస్తలుడు పౌలు అందరి ముందే పేతుర్ని నిలదీశాడు. ఇదంతా పౌలు గలతీయులకు, అంటే గలతీయ ప్రాంతంలోని సంఘాలకి, రాసిన ఉత్తరం రెండో అధ్యాయంలో ఉంటుంది, ఓసారి చదవండి, పెద్దవాళ్ళిద్దరి మధ్య గొడవని దాచకుండా అలాగే ఉంచేశారు, నాకు అది చాలా నచ్చుతుంది.

ఇక్కడ ఒకటి గమనించాలి. పేతురు నోటితో తప్పు మాట ఒక్కటీ అనలేదు, మీరు రక్షణ పొందలేదనీ అనలేదు, ఊరికే కూర్చునే చోటు మార్చుకున్నాడంతే. పౌలుకి మాత్రం అందులో మొత్తం విషయం కనపడిపోయింది, మీరు నమ్మారు సరే, కానీ అది చాలదు, ఇంకొకటేదో కలవాలి అని ఆ ఖాళీ కుర్చీయే చెప్పేసింది.

ఆ ఇంకొకటేదో ఏంటంటే సున్నతి, ఆహార నియమాలు, పండగ దినాలు, ఇలాంటివి. గలతీయ సంఘాలకి కూడా పౌలు వెళ్ళిపోయాక వేరే బోధకులు వచ్చి ఇదే చెప్పారు. పౌలుకి ఎంత కోపం వచ్చిందంటే, మామూలుగా తన ఉత్తరాల మొదట్లో మీ గురించి దేవునికి కృతజ్ఞతలు అని రాస్తాడు కదా, ఇందులో ఆ ముక్కే లేదు, డైరెక్టుగా విషయంలోకి దిగిపోయాడు. మూడో అధ్యాయం వచ్చేసరికి "ఓ అవివేకులైన గలతీయులారా" అని మొదలెట్టాడు.

ఆయన వాదనలో నాకు భలే అనిపించేది యూదుల మూలపురుషుడు అబ్రాహాము లెక్క. అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అని ఆదికాండం 15లో ఉంది. సున్నతి ఎప్పుడొచ్చింది? 17లో. మధ్యలో ఇష్మాయేలు పుట్టాడు, అప్పటికి అబ్రాహాముకి 86 ఏళ్ళు, సున్నతి అయ్యేటప్పటికి 99. అంటే తక్కువలో తక్కువ 13 ఏళ్ళు ఆయన సున్నతి లేకుండానే దేవుని దగ్గర నీతిమంతుడు అన్నమాట, ఇక ధర్మశాస్త్రమైతే దేవుడు అబ్రాహాముకి ఇచ్చిన వాగ్దానానికి 430 ఏళ్ళ తర్వాత వచ్చిందని పౌలు లెక్క. వెనకాల వచ్చింది ముందు ఇచ్చిన మాటని ఎలా కొట్టేస్తుంది అని అడుగుతాడు.

మరి ధర్మశాస్త్రం ఎందుకు, దండగేనా? కాదు. మన తెలుగు బైబిల్లో దాన్ని "బాలశిక్షకుడు" అన్నారు. మనం టీచరు అనుకుంటాం, కానీ ఆ గ్రీకు మాటకి అర్థం అది కాదు, ఆ రోజుల్లో ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో పిల్లాణ్ణి బడికి తీసుకెళ్ళి తీసుకురావడానికి, అల్లరి చేస్తే అదుపులో పెట్టడానికి ఒక దాసుడు ఉండేవాడు, ఆయన్ని అలా పిలిచేవారు. పిల్లాడు పెద్దయ్యేదాకానే ఆయన డ్యూటీ. పెద్దయ్యాక కూడా ఆయన చెయ్యి పట్టుకునే తిరుగుతానంటే ఎలా?

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం. యూదులంతా రూల్స్ పాటించి దేవుణ్ణి కొనుక్కోవాలని చూశారని మన ప్రసంగాల్లో తేలిగ్గా అనేస్తుంటాం, అది సరి కాదు. పది ఆజ్ఞలు ఎలా మొదలవుతాయో చూడండి, నిన్ను ఐగుప్తు దాసత్వంలోంచి బయటికి తెచ్చిన దేవుణ్ణి నేనే అని. ముందు విడుదల, తర్వాతే ఆజ్ఞలు. ఆజ్ఞలు పాటిస్తే విడిపిస్తానని కాదు.

తర్వాత చాలా శతాబ్దాలకి జర్మనీలో, ప్రొటెస్టెంటు సంస్కరణ మొదలెట్టిన మార్టిన్ లూథర్ వచ్చాడు. ఆయన సన్యాసిగా మఠంలో చేరి ఉపవాసాలు, జాగరణలు, గంటల తరబడి పాపాలు ఒప్పుకోవడం, అన్నీ చేశాడు, మనశ్శాంతి మాత్రం లేదు. రోమా పత్రికలో, అంటే పౌలు రోమా వాళ్ళకి రాసిన ఉత్తరంలో, "దేవుని నీతి" అన్న మాట చూస్తేనే భయపడేవాడు, శిక్ష వేసే నీతి అనుకుని. అది దేవుడు ఉచితంగా ఇచ్చే నీతి అని అర్థమయ్యాక పరదైసు తలుపు తెరుచుకున్నట్టు అయిందని తర్వాత రాసుకున్నాడు. 1522లో జర్మన్‌లోకి కొత్త నిబంధన అనువదించినప్పుడు రోమా 3:28లో విశ్వాసం పక్కన "మాత్రమే" అనే మాట చేర్చాడు, గ్రీకులో ఆ మాట లేదు, దాని మీద ఎంత రచ్చ అయిందో చెప్పక్కర్లేదు. 1547లో కాథలిక్ సంఘపు ట్రెంట్ సభ దీనికి గట్టిగా జవాబిచ్చింది. మళ్ళీ 1999 అక్టోబర్ 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులూ లూథరన్లూ కలిసి, దేవుడు మనల్ని అంగీకరించేది కృప వల్లే, మన యోగ్యత చూసి కాదు అని ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. తేడాలు అన్నీ పోలేదనుకోండి.

అయితే యాకోబు పత్రిక సంగతేంటి అంటారు, క్రియలు లేని విశ్వాసం మృతం అన్నాడుగా. లూథర్‌కి ఆ పత్రిక మింగుడు పడలేదు, గడ్డి పత్రిక అనేశాడు, అక్కడ ఆయన తొందరపడ్డాడని నా అభిప్రాయం. యాకోబు మాట్లాడేది అన్నం లేనివాడికి ఆశీర్వాదం మాత్రం చెప్పి పంపేసే విశ్వాసం గురించి. పౌలు కూడా "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము" అనే అన్నాడు. చెట్టు బతికుంటే కాయలు కాస్తుంది, కాయలు తెచ్చి కొమ్మలకి కడితే చెట్టు బతకదు.

నా మటుకు నేను చాలా ఏళ్ళు కాయలు కట్టాను. పొద్దున ప్రార్థన మిస్సయితే ఆ రోజంతా ఏదో చెడు జరుగుతుందని భయం, పెద్ద ఉపవాసం చేస్తే పక్కవాడి కంటే ఒక మెట్టు పైన ఉన్నానని లోపల ఒక రకమైన సంతోషం, రెండూ ఒకే జబ్బు అని తెలియడానికి టైం పట్టింది. సిలువ మీద యేసు పక్కనున్న దొంగకి బాప్తిస్మం లేదు, కానుక లేదు, మంచి పనులు చేయడానికి చేతులు కూడా ఖాళీగా లేవు, నన్ను జ్ఞాపకం చేసుకో అని అడిగాడంతే. ఆయనకి దొరికిన జవాబులో "నేడు" అనే మాట ఉంది.

మళ్ళీ అంతియొకయకి వస్తే, పౌలు నిలదీశాక పేతురు ఏమన్నాడో ఆ ఉత్తరంలో లేదు, తిరిగొచ్చి ఆ బల్ల దగ్గర కూర్చున్నాడో లేదో కూడా రాయలేదు. ఉత్తరం చివర్లో మాత్రం పౌలు రాసేవాడి చేతిలోంచి కలం తీసుకున్నట్టున్నాడు, నా సొంత చేత్తో ఎంత పెద్ద అక్షరాలతో రాస్తున్నానో చూడండి అంటాడు. ఆ పెద్ద అక్షరాల్లో ఉన్నది ఇదీ, సున్నతి పొందడంలో ఏమీ లేదు, పొందకపోవడంలోనూ ఏమీ లేదు, కొత్త సృష్టి కావడమే.