వాటర్ రిసోర్సెస్‌లో ఎంటెక్ చేస్తే ఏం వస్తుంది? స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. గేట్ రిజల్ట్ వచ్చిందంటే చాలు, మాకు ఒకటే ప్రశ్న: సివిల్ చేశాను, స్ట్రక్చర్స్ తీసుకోనా, వాటర్ రిసోర్సెస్ తీసుకోనా అని. అందుకే ముగ్గురిని పిలిచాం. హైడ్రాలజీ, అంటే వాన, వరద, నీటి లెక్కలు చెప్పే ప్రొఫెసర్ మేడం, ఇరిగేషన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారు, ఎంటెక్ రెండో ఏడాది చదువుతున్న అమ్మాయి. పేర్లు చెప్పొద్దన్నారు, ఆ అమ్మాయికి ఇంకా వైవా ఉంది మరి. అమ్మా, నిజం చెప్పు, స్ట్రక్చర్స్ సీటు రాక ఇటు వచ్చావా?

విద్యార్థిని: సగం నిజం సార్. మా బ్యాచ్‌లో చాలామంది అలాగే వచ్చారు. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్‌లో మా కింది పోర్షన్ మునిగిపోతే రెండు రాత్రులు మేడ మీదే ఉన్నాం. ఫోన్ చేసినవాళ్లంతా కృష్ణ పొంగిందట కదా అంటున్నారు, మాకేమో నీళ్లు కృష్ణ వైపు నుంచి రాలేదు, వెనక నుంచి వచ్చాయి. ఇదేంటో తెలుసుకోవాలనిపించింది.

ఈఈ: బుడమేరమ్మా అది. మామూలుగా కొల్లేరుకి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదొస్తే కొంత నీటిని డైవర్షన్ కాలువలోకి తిప్పి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఐడియా బాగానే ఉంది, కానీ కృష్ణ కూడా అప్పుడే పొంగితే? ఆ వారం అదే జరిగింది, సెప్టెంబర్ 2కల్లా బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగులు నడిచాయి, బ్యారేజీ డిజైనే 11.9 లక్షలు. నది అంత ఎత్తున ఉంటే కాలువ నీళ్లు ఎక్కడ దిగుతాయి చెప్పండి, అటు నది దిగనివ్వదు, ఇటు పైనుంచి వాగు తోసుకొస్తుంది, కట్టకి మూడు చోట్ల గండి పడింది.

ప్రొఫెసర్: ఇది నాకు క్లాసులో బాగా పనికొచ్చే ఉదాహరణ, చెప్పడానికి బాధగానే ఉన్నా. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేదని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. కాదు, ఏ ఏడాదిలోనైనా రావడానికి 1 శాతం అవకాశం ఉన్న వరద అది. 30 ఏళ్ల హోమ్ లోన్ తీసుకుంటే, ఆ లోన్ తీరేలోపు అలాంటి వరద కనీసం ఒక్కసారైనా రావడానికి 26 శాతం అవకాశం ఉంది. సరే, నదికి వందేళ్ల వరద, వాగుకి వందేళ్ల వరద ఒకే ఏడాదిలో రావాలంటే? పిల్లలు టక్కున 1 శాతాన్ని 1 శాతంతో గుణించి పదివేలలో ఒకటి అంటారు. రెండూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వస్తేనే ఆ గుణకారం చెల్లుతుంది. ఒకే వాయుగుండం రెండింటి మీదా కురిసిందనుకోండి, ఆ లెక్క చెత్తబుట్టలోకే. బీటెక్‌లో ఇంత దూరం రారు, ఎంటెక్‌లో వస్తారు.

ఈఈ: మాకైతే ఇవేవీ లేవు మేడం. చెరువు అలుగు ఎంత పొడవు పెట్టాలంటే, ఎంత వరదొస్తుందో చెప్పే రైవ్స్ ఫార్ములా, అంతే. పరీవాహక విస్తీర్ణానికి మూడింట రెండో ఘాతం, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేయడం. ఎంత వాన పడిందన్నది ఆ ఫార్ములాలో ఎక్కడా ఉండదు!

విద్యార్థిని: ఇప్పుడు వరద, నీటి మోడల్స్ కట్టే హెక్-రాస్, స్వాట్, మ్యాపుల క్యూజీఐఎస్, ఈ సాఫ్ట్‌వేర్లన్నీ ఫ్రీయే సార్. మోడల్ నిలబెట్టడానికి నాకు రెండు వారాలు పట్టింది. డేటాకే ఆరు నెలలు. గైడ్ ఇచ్చిన లెటర్ పట్టుకుని ఒక ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగితే చివరికి ఒక షీట్ ఇచ్చారు, అందులో వానాకాలం మధ్యలో వరసగా పదకొండు రోజులు గేజి (నీటిమట్టం) రీడింగ్ ఒకటే అంకె.

ఈఈ: (నవ్వుతూ) రీడింగ్ రాసే లస్కర్ పెళ్లికి వెళ్లుంటాడు.

ప్రొఫెసర్: మీరు నవ్వుతారు గానీ మోడల్‌కి ఆ సంగతి తెలియదు కదండీ. పదకొండు రోజులూ నిజమేననుకుని దానికి తగ్గట్టు తన లెక్కలు సర్దుకుని కాలిబ్రేట్ అయిపోతుంది, గ్రాఫ్ కూడా అందంగా వస్తుంది. అందుకే నేను మొదటి సెమిస్టర్‌లోనే పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లి నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ దింపిస్తాను. ప్యాంట్లు తడిస్తే విసుక్కుంటారు.

యాంకర్: ఇది మొత్తం వరదల చదువేనా?

ప్రొఫెసర్: కాదు కాదు. నన్నడిగితే అసలు మేనేజ్‌మెంట్ అంతా భూగర్భ జలాల్లో ఉంది. మన దగ్గర డెల్టా వదిలేస్తే చాలావరకు గట్టిరాయి, పగుళ్లలో ఉన్నదే నీరు, పక్కవాడు ఇంకో బోరు దింపితే మన బోరు ఎండుతుంది. ఇక్కడ కాంక్రీటుతో పనిలేదు, మనుషులతో పని. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని ఒక ప్రాజెక్టు నడిచింది, కరువు ప్రాంతాల్లో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీళ్లు ఇన్నున్నాయి, ఏ పంట వేద్దాం అని లెక్క చూసుకునేవాళ్లు. వేసి తీరాలని ఎవరూ బలవంతం చేయలేదు. దాని మీద ఎన్ని థీసిస్‌లైనా రాయొచ్చు, మావాళ్లేమో మళ్లీ వరద మోడలే కావాలంటారు.

యాంకర్: డబ్బుల సంగతి చెప్పండి, చూసేవాళ్లు దానికోసమే కూర్చున్నారు.

విద్యార్థిని: గేట్ స్టైపెండ్ నెలకి 12,400. హాస్టల్, మెస్ పోగా టీకి మిగులుతుంది.

ఈఈ: ఒక మాట సూటిగా చెప్తా. ఇరిగేషన్‌లో ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఉద్యోగమే లక్ష్యమైతే ఎంటెక్ అక్కర్లేదు, దానికి బీటెక్ చాలు. సెంట్రల్ వాటర్ కమిషన్‌కైనా ఇంజనీరింగ్ సర్వీసెస్ పరీక్షే దారి. ఆ రెండేళ్లు పరీక్షకి కూర్చో.

ప్రొఫెసర్: అది ఒప్పుకుంటాను. కానీ 2021లో డ్యామ్ సేఫ్టీ చట్టం వచ్చింది, పెద్ద డ్యాములకి ఎమర్జెన్సీ యాక్షన్ ప్లాన్ ఉండాలంటోంది, అంటే డ్యామ్ తెగితే నీళ్లు ఏ ఊరికి ఎన్ని గంటల్లో చేరతాయో ఎవరో ఒకరు లెక్క కట్టాలి. ఆ పని కన్సల్టెన్సీలకి వస్తోంది, అక్కడ ఎంటెక్ అడుగుతారు. సీట్లంటారా, వరంగల్ ఎన్ఐటీలో ఉంది, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో నీటి వనరులకి సెంటరే ఉంది, రూర్కీ ఐఐటీలో అయితే 1955 నుంచి దీనికోసమే విడిగా ఒక విభాగం నడుస్తోంది.

ఈఈ: ఎక్కడ చదివినా సరే, ఇంటర్వ్యూలో నేనుంటే ఒకటే అడుగుతా. అమ్మాయీ, ఒక టీఎంసీ రావాలంటే రోజంతా ఎన్ని క్యూసెక్కులు పారాలి?

విద్యార్థిని: వంద కోట్ల ఘనపుటడుగులు, రోజుకి 86,400 సెకన్లు... 11,574 సార్.

ఈఈ: భేష్. నీ థీసిస్ ఏ వాగు మీదో తర్వాత చెప్పు, నా దగ్గర అటకమీద 90లలో నేను రాసుకున్న గేజి పుస్తకాలు కొన్ని ఉన్నాయి. చెదలు పట్టకపోతే.

విద్యార్థిని: ఎక్కడ సార్ మీ ఇల్లు? ఆదివారం వచ్చేయనా?

యాంకర్: సార్, లైవ్‌లో అడ్రస్ చెప్పకండి, రేపటికి ఎంటెక్ వాళ్లంతా మీ గుమ్మంలో ఉంటారు. చిన్న బ్రేక్.