చేతిలోకి చిప్ ఎక్కించుకునే ముందు: మీ కార్డులో ఏముందో తేల్చే మూడు సాధనాల రివ్యూ

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ తెల్ల కార్డును కాస్త దగ్గరగా చూడండి. పేరు లేదు, గుర్తు లేదు. వెనుక ఒక మూలన మాత్రం చిన్న అంకెలు. నేను రోజూ తలుపు తెరుచుకునేది దీనితోనే. ఇది మోయడం మానేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం కింద ఆర్ఎఫ్ఐడీ ఇంప్లాంట్ (రేడియో తరంగాలతో తన సంఖ్య చెప్పే చిన్న చిప్) పెట్టించుకోవాలని చాలాకాలంగా కోరిక. ఏ ఇంప్లాంటో కూడా నిర్ణయించుకున్నాను. సరిగ్గా కొనబోయే ముందు ఆగాను. ఆగకపోయి ఉంటే, ఈ తలుపు గుర్తించని చిప్ ఒకటి ఇవాళ నా చేతిలో ఉండేది.

అందుకే ఈరోజు కార్డులోని చిప్ ఏదో కనిపెట్టే సాధనాలను రివ్యూ చేస్తున్నాను: ఒక టార్చి, ఒక ఫోను, ఒక ప్రాక్స్‌మార్క్ 3 (ఇలాంటి కార్డులను చదివి పరీక్షించే బోర్డు). మూడింటినీ ఇదే కార్డు మీద ప్రయోగించాను.

బయటికి ఒకేలా కనిపించే ఈ కార్డుల్లో ముఖ్యంగా రెండు జాతులున్నాయి. ఒకటి 125 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఈఎం4100, హెచ్ఐడీ ప్రాక్స్ అనే రకాలు ఆ జాతివి. రెండోది 13.56 మెగాహెర్ట్జ్; మైఫేర్ క్లాసిక్, డెస్‌ఫైర్, ఎన్‌ట్యాగ్, ఐక్లాస్ ఇందులోకి వస్తాయి. 125 మాత్రమే వినే రీడర్‌కు (తలుపు దగ్గర కార్డును చదివే యంత్రానికి) 13.56 చిప్ ఉన్నట్టే తెలియదు. ఇంప్లాంట్లలోనూ ఇదే విభజన. టీ5577 అనే, తిరిగి రాయగల చిప్ ఉన్న గుళిక (చర్మం కిందకు ఎక్కించే చిన్న గొట్టం) మొదటి జాతి కార్డులను అనుకరిస్తుంది. మైఫేర్ క్లాసిక్ స్థానంలో వాడే మ్యాజిక్ చిప్ (గుర్తింపు సంఖ్యను కూడా మార్చి రాయగలిగేది) ఉన్న గుళిక రెండో జాతిది. తప్పు జాతి ఎంచుకుంటే మార్చుకోవడానికి మళ్లీ చర్మం కోయించుకోవాలి.

టార్చితో మొదలుపెడతాను. గదిలో దీపాలు ఆర్పి, కార్డు వెనుక ఫోను లైటు ఆనించండి. లోపలి తీగ నీడ పైకి తేలుతుంది. 125 కిలోహెర్ట్జ్ కార్డులో సాధారణంగా సన్నని తీగను చాలా చుట్లు చుట్టి ఉంటారు, నీడ దట్టమైన ఉంగరంలా పడుతుంది. 13.56 కార్డుకు నాలుగైదు చుట్లు చాలు. అవి ఎక్కువగా కార్డు అంచుల వెంట దీర్ఘచతురస్రంగా సాగుతాయి. నా కార్డులో అంచుల వెంట గీతలు స్పష్టంగా కనబడ్డాయి. మధ్యలో మసకగా మరో వలయం ఉన్నట్టు అనిపించింది కానీ, ప్లాస్టిక్ మందం వల్ల పడ్డ నీడేమో అనుకుని వదిలేశాను. ఆ వలయాన్ని గుర్తుంచుకోండి.

పైసా ఖర్చు లేని మొదటి అంచనాగా టార్చి మంచిదే. మందపాటి కార్డులకూ తాళంచెవికి తగిలించే బిళ్లలకూ పనికిరాదు.

ఇక ఫోను. ఎన్ఎఫ్‌సీ (దగ్గరి చిప్‌లను చదివే సౌకర్యం) ఉన్న ఆండ్రాయిడ్ ఫోనులో, చిప్‌ల తయారీ సంస్థ ఎన్ఎక్స్‌పీ వారి ట్యాగ్‌ఇన్ఫో యాప్ వేసుకుని కార్డు తాకించాను. మైఫేర్ క్లాసిక్ 1కె, 4 బైట్ల యూఐడీ (చిప్ గుర్తింపు సంఖ్య), సాక్ విలువ 08 అని వచ్చింది. ఈ సాక్ అనేది చిప్ తన గురించి రీడర్‌కు చెప్పుకునే చిన్న సమాచారం. 08 అయితే సాధారణంగా మైఫేర్ క్లాసిక్ 1కె. 00 అయితే అల్ట్రాలైట్ లేదా ఎన్‌ట్యాగ్ కావచ్చు. 20 వస్తే చాలాసార్లు డెస్‌ఫైర్. మీకు 20 వస్తే నకలు తీసే ఆలోచన అక్కడితో మానుకోండి. డెస్‌ఫైర్ ఏఈఎస్ వంటి బలమైన సంకేతలిపి వాడుతుంది, దాని రహస్య కీలు బయటికి రావు. అలాంటిచోట మిగిలిన దారి ఒక్కటే: తలుపుల వ్యవస్థ చూసుకునేవారిని అడిగి, వారి వ్యవస్థకు సరిపడే ఇంప్లాంటును కొత్త కార్డులా నమోదు చేయించుకోవడం. యూఐడీ పొడవు కూడా రాసిపెట్టుకోండి. 7 బైట్ల యూఐడీ ఉన్న కార్డు 4 బైట్ల మ్యాజిక్ చిప్‌లో ఇమడదు.

మైఫేర్ క్లాసిక్ అని చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది. దాని సంకేతలిపి క్రిప్టో1 లోగుట్టును పరిశోధకులు 2007, 2008లోనే బయటపెట్టారు, కనుక నకలుకు వీలుంటుంది. మ్యాజిక్ గుళిక కొనేద్దామనుకున్నది ఆ ఉత్సాహంలోనే.

ఫోను ఎన్ఎఫ్‌సీకి వినబడేది 13.56 ఒక్కటే. 125 దాని చెవిన పడదు. ఫోను పలకనంత మాత్రాన కార్డు ఖాళీ కాదని చాలామందికి తెలుసు. నేను పట్టించుకోనిది దాని మరో వైపు: ఫోను పలికినంత మాత్రాన తలుపు కూడా అదే చిప్‌తో మాట్లాడుతోందని అర్థం కాదు.

ప్రాక్స్‌మార్క్ 3 దగ్గరకు వద్దాం. ఈ చిన్న బోర్డుకు రెండు యాంటెన్నాలు, రెండు జాతులనూ చదువుతుంది. కంప్యూటర్‌కు కలిపి ఆదేశాలు టైపు చేయాలి, అలవాటు పడేవరకు ఓపిక కావాలి. అన్నీ తనే వెతికే ఆటో ఆదేశం ఉన్నా, నేను హెచ్ఎఫ్ సెర్చ్ (13.56 జాతికి), ఎల్ఎఫ్ సెర్చ్ (125 జాతికి) విడివిడిగా ఇస్తాను. ఒకటి దొరికిందని రెండోదాన్ని మరిచిపోకూడదు. హెచ్ఎఫ్ సెర్చ్ ఫోను చెప్పిందే చెప్పింది. ఎల్ఎఫ్ సెర్చ్ ఇచ్చాను. ఈఎం4100 అంటూ ఒక సంఖ్య వచ్చింది. టార్చి వెలుగులో నేను వదిలేసిన మసక వలయం ఇదే! ఒకే కార్డులో రెండు చిప్‌లు.

కార్డు వెనుక అంకెలు కూడా మొదటినుంచీ ఆ మాటే చెబుతున్నాయి. నా అంకెలు చూపించను, ఉదాహరణ చెబుతాను. 0012345678 అనీ పక్కనే 188,24910 అనీ ముద్రించి ఉందనుకోండి. 188ని 65536తో గుణించి 24910 కలపండి. 12345678 వస్తుంది. ఒకే సంఖ్యను రెండు రకాలుగా రాయడం ఈఎం4100 కార్డుల మీద తరచూ కనిపించే పద్ధతి. మీ కార్డు మీద ఇలా ఉంటే ఇప్పుడే లెక్కవేసి చూడండి.

తలుపు వాడుతున్నది ఏ చిప్‌ను? ఇది కార్డును ఎంత చదివినా తేలదు, తలుపునే అడగాలి. నిర్వాహకుడి అనుమతి తీసుకుని, ఆయన ఎదుటే పరీక్షించాను. అనుమతి లేకుండా ఇది చేయకండి. కార్డు మీ జేబులో ఉన్నా తలుపు వేరొకరిది. మైఫేర్ వైపు మాత్రమే నకలు తీసిన మ్యాజిక్ కార్డు పెట్టాను. రీడర్ ఉలకలేదు పలకలేదు. ఈఎం4100 సంఖ్య మాత్రమే రాసిన టీ5577 బిళ్ల పెట్టాను. తలుపు తెరుచుకుంది.

కనుక నా ఓటు ప్రాక్స్‌మార్క్‌కే, దానితోపాటు ఖాళీ టీ5577 బిళ్ల ఒకటి, మ్యాజిక్ కార్డు ఒకటి. చేతిలో పట్టుకునే చవక నకలు యంత్రాలతో మాత్రం జాగ్రత్త. వాటిలో కొన్ని టీ5577లో రాసేటప్పుడు మనకు చెప్పకుండా పాస్‌వర్డ్ పెట్టేస్తాయి. బిళ్లలో జరిగితే పారేయవచ్చు, చర్మం కింద జరిగితే ఏం చేస్తాం?

చిప్ తేలింది కానీ నేనింకా సూది దగ్గరకు వెళ్లలేదు. గుళిక 2 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవు. అంత చిన్న యాంటెన్నాకు కార్డుకున్నంత అందుబాటు ఉండదు. అదే చిప్, అదే పరిమాణం ఉన్న పరీక్ష గుళికను రీడర్ మధ్యలో పడుకోబెట్టాను, స్పందన లేదు. అంచు దగ్గరకు జరిపి, అంచుకు అడ్డంగా తిప్పి పెట్టాను, పచ్చదీపం వెలిగింది. ఆ చోటికి, ఆ కోణంలో నా చేయి రోజూ ఇబ్బంది లేకుండా చేరుతుందో లేదో చూడాలి. అందుకని గుళికను చర్మం మీద టేపుతో అంటించుకుని వారం రోజులు తిరగాలని పెట్టుకున్నాను. ఇవాళ నాలుగో రోజు.